తలవాకిలి తలుపు కట్టిన కారు

మా బావ ఎడమ చేతికి మూడు వేళ్ళు ఉండేవి కావు. అవి ఎలా పోయాయో మా అక్క మనవళ్ళు ఇప్పుడు తలా ఒక రకంగా చెప్పుకుంటున్నారు. దూది ప్రెస్సులో మిషను కింద నలిగిపోయాయని ఒకడు అంటాడు. పార్టీ కొట్లాటలో ఒక్కడే పదిమందిని నిలువరించాడని ఇంకొకడు. నందవరం దిక్కున ఒక ఊళ్ళో అయితే ఆయన తమ మనిషని ఒక వర్గం, ఎదుటివాళ్ళ మనిషని ఇంకో వర్గం నేటికీ వాదులాడుకుంటాయి. మా బావ ఏ పార్టీ మనిషీ కాదు. ఆయనకు ఒక పాత కారు ఉండేది, అంతే. జరిగింది కళ్ళారా చూసినవాళ్ళలో నేనొక్కణ్ణే మిగిలాను. నేను కూడా పోతే అబద్ధాలే మిగులుతాయి. అందుకని రాస్తున్నాను.

బడిలో నేను చదివింది ఐదో తరగతి. మిగతా చదువంతా ఆదోని గ్రంథాలయంలో, కిటికీ పక్కన బల్ల మీద సాగింది. వైద్యం, చట్టం, రాజుల చరిత్రలు, ఏది చేతికందితే అది. పక్కన నిఘంటువు పెట్టుకుని ఇంగ్లీషులో మోటారు బండ్ల పుస్తకం కూడా చివరిదాకా చదివాను. అంత పని ఆ ఊళ్ళో ఇంకెవరూ చేసి ఉండరని నాకు గట్టి నమ్మకం. రాజుల యుద్ధాల గురించి చదివినప్పుడల్లా ఏనుగులు ఎన్నో రాసి ఉండేది కానీ, ఏనుగుల మేత ఎంతో రాసి ఉండేది కాదు. అందుకే నేను మేతతో మొదలుపెడతాను.

ఆదోని తాలూకా బళ్ళారి జిల్లా నుంచి కర్నూలు జిల్లాలోకి మారిన కొత్తల్లో, ఒక దూది కంపెనీ దొర ఊరు విడిచి పోతూ తన స్టేషన్ వ్యాగన్ అమ్మేశాడు. ముందు భాగం రేకు, వెనక భాగమంతా కట్టె. నాలుగు పట్టెలు నిలబెట్టి, పలకలు బిగించి, పైన గుడ్డ కప్పు వేసినట్టుండేది. జనం దాన్ని కట్టెకారు అనేవాళ్ళు. మా బావ ప్రెస్సులో పని మానేసి, ఇల్లు తాకట్టు పెట్టి కొన్నాడు. ఎమ్మిగనూరు మగ్గాల మీద నేసిన బట్టల మూటలు ఆదోనికి, ఆదోని అంగళ్ళ సరుకు సంతలకు. ఖాళీ ఉంటే మనుషులు. అక్కకు నలుగురు పిల్లలు, బావ తల్లి, నేను. అందరి నోళ్ళూ ఆ బండి మీదే ఆధారపడ్డాయి. బండి పోతే ఇల్లు పోతుంది. ఇది చదివేవాళ్ళు ఈ ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు.

ఆ బండి పెట్రోలు కంటే నీళ్ళు ఎక్కువ తాగేది. గుట్ట ఎక్కిందంటే రేడియేటరు బుసకొట్టేది. ఒకసారి బావ తొందరపడి మూత తిప్పితే మరిగే నీళ్ళు ఎగిసి ఆయన మెడ, ఛాతీ కాల్చాయి. చర్మం అరటిపండు తొక్కలా ఊడివచ్చింది. బ్యాటరీ అనేది ఉండేది కానీ పని చేసేది కాదు. ముందు హ్యాండిల్ పెట్టి తిప్పాలి. అది ఒక్కోసారి ఎదురు తన్నేది. బొటనవేలు లోపలికి మడిచి పట్టుకోకూడదు, అన్ని వేళ్ళూ ఒకే పక్క ఉండాలని పుస్తకంలో చదివిన నాకే అది వచ్చి మూతికి తగిలి ముందరి పన్ను విరిగింది. ఎండాకాలంలో కట్టె ఎండి కీళ్ళు వదులయ్యేవి. వానాకాలంలో ఉబ్బి తలుపులు బిగుసుకునేవి. ఎక్కినవాళ్ళు దిగాలంటే కిటికీలోంచి దిగాల్సిందే. టైర్లు, కమాను స్ప్రింగులు, పెట్రోలు కాకుండా మాకు ఇంకొక ఖర్చు ఉండేది: గొర్రెలు. బ్రేకు మూడుసార్లు తొక్కితేగానీ పట్టేది కాదు. గొర్రె మొదటి తొక్కుకే చక్రం కింద ఉండేది. కాపర్లు బావ చొక్కా పట్టుకుని కట్టెలతో బాదేవాళ్ళు. ఆయన దెబ్బలు తిని, ఖరీదు ఇచ్చి, గొర్రెను మాత్రం బండిలో వేసుకుని వచ్చేవాడు.

“ఇదేమి బండప్పా, కసాయంగడి మాదిరుంది,” అని అక్క తల కొట్టుకునేది.

“పోనీలేవే, పిల్లోల్లు కూర తింటాండారు గదా,” అనేవాడు బావ, వీపుకు ఆముదం రాయించుకుంటూ.

అసలు కథ వెనక తలుపుతో మొదలైంది. ఆ తలుపు రెండు ముక్కలుగా ఉండేది. పైముక్క పైకి లేచేది, కిందిముక్క గొలుసుల మీద కిందికి వాలి అరుగులాగా నిలిచేది. సంతరోజు దాని మీద కూడా మనుషులు కాళ్ళు వేలాడేసుకుని కూర్చునేవాళ్ళు. లోపల చెదలు తిన్నదని ఎవరికీ తెలియదు. ఒకనాడు ఎమ్మిగనూరు దగ్గర గుంతలో చక్రం పడగానే అది ఫట్టున విరిగింది. దాని మీదున్న ఒక ముసలి నేతగాడు వెనక్కి పడ్డాడు. తల రాయికి తగిలి, చర్మం చీలి, తెల్లగా ఎముక కనిపించింది. బతికాడు. కుట్లు వేయించుకుని వచ్చి, “నీ బండిలో కూసుంటే తల పగిలె, దిగితే మూటలు తల మింద మొయ్యాల. ఏదైనా తలకేనప్పా దెబ్బ,” అని మళ్ళీ మా బండిలోనే ఎక్కాడు.

తలుపు లేకుండా నడపడానికి వీల్లేదు. మూటలు జారతాయని మాత్రమే కాదు. ఆ కట్టెపెట్టెలో వెనక రెండు పట్టెలనూ కలిపి పట్టుకునేది కిందితలుపు చట్రమే. అది లేకపోతే రెండు పక్కలూ విచ్చుకుంటాయి, కప్పు కూలుతుంది. వడ్రంగి చూసి, కొత్త టేకు కొనే తాహతు మాకు లేదని అతనే తేల్చి, పాత కట్టెలు అమ్మే అంగడికి తీసుకుపోయాడు. అక్కడ గోడకు ఆనించి ఒక తలుపు రెక్క ఉంది. మందమైన టేకు. పైన తామరపూల వరస, రెండు చిలకలు. మధ్యలో ఒకచోట లోతుగా గాటు. గాటుకు లక్క పూసి ఉంది.

“పడిపోయిన ఇంటిది,” అన్నాడు అంగడివాడు. అంతకుమించి చెప్పలేదు. మేము అడగలేదు.

వడ్రంగి దాన్ని అడ్డంగా కోసి, చిలకలున్న ముక్కను బండి వెనక కిందితలుపుగా కట్టాడు. మిగిలిన ముక్కను లోపల అడుగున, మనుషులు కాళ్ళు పెట్టేచోట పరిచాడు. ఇంటికి తెస్తే అక్క చిలకల సందుల్లో వేలు పెట్టి చూసింది. పసుపు వచ్చింది.

“ఇది యాడిదో తలవాకిలి తలుపు. ఆడోల్లు పసుపు రాసి మొక్కిన తలుపు. దీన్ని తొక్కుతారా యెవురన్నా?”

“కట్టెకు ఊరేముంది, ఇల్లేముంది? కొనుక్కొచ్చినాం గదా. నీకు అంత అనుమానముంటే నువ్వు కూడా పసుపు రాయి,” అన్నాడు బావ.

అక్క రాసింది. పొద్దున బండి కదిలేముందు చిలకలకు పసుపు పూసి, కుంకుమ పెట్టి, ఒక పువ్వు గుచ్చేది. తలుపుకు జరిగే అపచారం అలా కొంత తగ్గుతుందని ఆమె అనుకుంది. నలుగురూ చూసే దారిలో ఆ పసుపు ఇంకో విధంగా కనిపిస్తుందని మాకెవరికీ తట్టలేదు.

మా వైపు తలవాకిలి అంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం ఒక మాట. పెళ్ళికూతురు లోపలికి వచ్చేది, శవం బయటికి పోయేది ఆ వాకిట్లోంచే. ఇల్లు పడిపోయినా ఆ తలుపును అమ్మరు. పార్టీ కక్షల్లో ఒకరి ఇల్లు దోచుకున్నప్పుడు బంగారం, ధాన్యం తీసుకుపోవడం ఒక ఎత్తు, తలవాకిలి తలుపు ఊడబెరుక్కుపోవడం ఒక ఎత్తు. ఈ వంశానికి ఇక వాకిలి లేదు అని చాటడం అది.

నందవరం అవతల ఒక ఊళ్ళో రెండేళ్ళ కిందట అలా జరిగిందట. ఎదుటి పార్టీవాళ్ళు వస్తే ఇంటి పెద్ద తలుపు మూసి, వీపు ఆనించి నిలబడ్డాడు. కిటికీలోంచి దూరినవాళ్ళు ఆయన మెడ మీద గొడ్డలి వేశారు. గొడ్డలి మెడ దాటి తలుపులో దిగింది. మేము లక్క పూసి ఉందనుకున్న గాటు అదే. ఆయన పెండ్లాం ఆ తలుపు తిరిగి వచ్చేదాకా తలుపున్న ఏ ఇంట్లోనూ అడుగు పెట్టనని ఒట్టు పెట్టుకుని, పశువుల కొట్టంలో పడుకునేది. ఇదంతా మాకు తర్వాత తెలిసింది.

ఆ రోజు బట్టల మూటలు వేసుకుని, నందవరం దిక్కు పోతున్నాము. వాగు దగ్గర బండి నెమ్మదించగానే ఇద్దరు మనుషులు అడ్డం వచ్చారు. వెనక ఇంకొందరు. ముందున్న ఇద్దరూ అన్నదమ్ములు, ఆ చచ్చిపోయిన పెద్దాయన కొడుకులు. చిన్నవాడి చేతిలో గొడ్డలి. బండిలో ఉన్న నలుగురు మనుషులు ఎటు దిగారో, ఎటు పరుగెత్తారో నాకు కనిపించలేదు.

పెద్దవాడు బండి వెనక్కి పోయి, చిలకల మీద చెయ్యి పెట్టాడు. అరచేతికి పసుపు అంటింది. దాన్ని బావ ముఖం ముందు పెట్టి అడిగాడు:

“మా నాయనను సంపి, మా తలుపు పెరికి, దానికి పసుపు రాసి ఊర్లంతా తిప్పుతాండారా? ఎవురు పంపిచ్చినారు నిన్ను?”

“ఎవురూ పంపలేదన్నా. ఆదోనిలో కొన్యాం. మాకేం తెల్దు.”

చిన్నవాడు లోపలికి తొంగిచూశాడు. అడుగున పరిచిన ముక్క మీద ఎవరో ఆకువక్క ఉమ్మిన మరక ఉంది. వాడు అరిచిన అరుపు మాట కాదు. బావ చెంప మీద కొట్టాడు. బావ పడ్డాడు. డొక్కలో తన్నారు. నేను మధ్యలోకి పోయి, గ్రంథాలయంలో చదివిన చట్టం చెప్పాను. దొంగసొత్తు అని తెలియకుండా బహిరంగంగా కొన్నవాడిని దొంగ అనడానికి వీల్లేదని, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే.

పెద్దవాడు శ్రద్ధగా విన్నాడు. “సదువుకున్నోని మాదిరుండావు. ఆ పుస్తకంలో మా నాయన పేరుందా?”

“లేదు.”

“అయితే గమ్మునుండు,” అని మోచేత్తో నా ముక్కు మీద కొట్టాడు. రక్తం నోట్లోకి వచ్చింది. ఆ చట్టం తప్పని నేను ఇప్పటికీ అనుకోను. అక్కడ దాన్ని వినే స్థితిలో ఎవరూ లేరు, అంతే.

ఇంతలో చిన్నవాడు తలుపు బందుల మీద గొడ్డలి ఎత్తాడు. కింద పడి ఉన్న బావ అది చూసి లేచాడు. ఆయన తలుపు ఇవ్వనని అనలేదు. ఈ ఒక్కమాట కోసమే నేను ఇన్ని కాగితాలు రాస్తున్నాను. ఆయన అన్నది ఇది:

“తీసుకోండప్పా, మీదే తీసుకోండి! గొడ్డలెయ్యద్దు! ఆ సట్రం తెగితే బండంతా విచ్చుకుంటాది! మరలు తీస్తా, ఉండు, మరలు తీసి నేనే ఇస్తా—”

అంటూ ఎడమ చెయ్యి బందు మీద పెట్టాడు. గొడ్డలి అప్పటికే దిగుతోంది.

మూడు వేళ్ళు బండి వెనక దుమ్ములో పడ్డాయి. కట్టె కూడా చీలింది. బావ తన చేతివంక, ఎవరిదో అన్నట్టు చూశాడు. చిన్నవాడు గొడ్డలి వదిలేసి కింద కూర్చుండిపోయాడు. పెద్దవాడు తమ్ముణ్ణి ఒక్క తన్ను తన్ని, తన తలగుడ్డ విప్పి బావ చెయ్యి బిగించి కట్టాడు.

“ఎక్కియ్యండి బిర్నా! ఏయ్ సదువుకున్నోడా, తోల్తావా దీన్ని?”

నేను అంతవరకు ఇంటి ముందు తప్ప నడపలేదు. పుస్తకంలో ఉన్నది మాత్రం అంతా నోటికి వచ్చు. తోలుతానన్నాను. హ్యాండిల్ తిప్పింది ఆ చిన్నవాడే. మొదటిసారి ఎదురు తన్ని మోచేతికి తగిలింది. ఏడుస్తూనే మళ్ళీ తిప్పాడు. వాళ్ళు తలుపు దించుకున్నారు, అడుగున ఉన్న ముక్క కూడా పెరుక్కున్నారు. వెనక రెండు పక్కలూ, బావ చెప్పినట్టే, విచ్చుకుని ఏనుగు చెవుల్లా కొట్టుకోవడం మొదలుపెట్టాయి. పెద్దవాడు వాటిని తాడుతో కట్టి, ఆ తాడు తన నడుముకు చుట్టుకుని, బావను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ప్రతి గుంతలో ఆ తాడు అతని నడుమును కోసింది. ఎమ్మిగనూరులో ఒక కాంపౌండరు రక్తం ఆపాడు. అక్కణ్ణించి ఆదోని ఆసుపత్రి. దిగేసరికి పెద్దవాడి పంచె ఎర్రగా తడిసి ఉంది. అది మా బావ రక్తమా, అతని రక్తమా చెప్పడానికి లేదు.

పోలీసులు వచ్చి అడిగారు. బావ, “బండి తలుపు మింద పడినాది సార్,” అన్నాడు.

నాకు కోపం వచ్చింది. వాళ్ళు పోయాక అడిగాను.

“నిజం సెప్తే నేను సాక్షినైతా. సాక్షినైతే పార్టీ అయితా. పార్టీ అయితే ఆ దోవలో బండి తోలనిస్తారా? బండి ల్యాకపోతే మీ అక్క యాడికి పోవాల?” అన్నాడు బావ.

చెయ్యి మానాక ఆ అన్నదమ్ముల తల్లి, కొట్టంలో పడుకునే ఆ ముసలామె, కబురు పెట్టింది. పోయాము. కోసిన రెండు ముక్కలను ఇనుపపట్టీలు వేసి అతికించి, కూలిన ఇంటి చోట లేపిన ఒక్క గదికి బిగించారు. ఆమె ఆ గదిలో కూర్చుని ఉంది. బావ చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని, తెగిన మొదళ్ళను ఒక్కొక్కటే తడిమి చూసింది.

“నా మొగుడు మెడ ఇచ్చినాడు, నువ్వు సెయ్యిచ్చినావు. ఇంగ ఈ తలుపుకు సాలు,” అంది. తర్వాత, “కూసో నాయనా, రొండు ముద్దలు తిను,” అంది.

కొర్రన్నం, పప్పు. పెద్దవాడు గుమ్మంలో నిలబడి వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. నాకు అర్థం కాలేదు. బావకు అర్థమైంది. అయినా ఆ ముసలామె కలిపి ఇచ్చిన ముద్దను కాదనలేక తిన్నాడు. బయటికి వచ్చాక, “ముసిల్ది అడిగితే యట్ల వద్దనేది?” అన్నాడు. అంతకుముందు కొట్లాటలో వేళ్ళు పోయినా ఆయన ఏ పార్టీవాడూ కాలేదు. ఆ ఇంట్లో అన్నం తిన్నాక ఎదుటివాళ్ళ లెక్కలో అయ్యాడు.

ఎదుటి పార్టీవాళ్ళు సంతరోజు పట్టపగలు వచ్చారు. కొత్త తలుపు కట్టించి అప్పటికి ఎన్నాళ్ళో కాలేదు. వాళ్ళు మర్యాదగానే మాట్లాడారు.

“దిగప్పా. మూటలు నేతోల్లవి, వాటిని కాల్చము.”

మూటలు దించి, చెట్టు కింద ఒకదాని మీద ఒకటి పేర్చారు. నన్ను ఇద్దరు పట్టుకున్నారు. బావను ఎవరూ పట్టుకోలేదు, ఆయనే కదల్లేదు. మా డబ్బాలోని పెట్రోలే తీసి పోశారు. ఎండాకాలం, ఎండిన కట్టె. అంటుకున్న శబ్దం గుండెల మీద గుద్దినట్టు వచ్చింది. టైర్లు ఒక్కొక్కటి పేలుతుంటే సంతలో ఎడ్లు తాళ్ళు తెంపుకున్నాయి. ఒక ఎద్దు కొమ్ము తగిలి ఎవరో పడ్డారు. కప్పు కూలేటప్పుడు బావ ఒక అడుగు ముందుకు వేశాడు, ఎగిసిన నిప్పురవ్వలకు కనుబొమ్మలు కాలి వెనక్కి వచ్చాడు.

సాయంత్రంలోగా ముసలామె కొడుకులు మనుషుల్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చారు. అందరి చేతుల్లో ఆయుధాలు. వాకిట్లో నిలబడి పెద్దవాడు అన్నాడు: “ఒక్క మాట సెప్పన్నా. కాల్చినోల్లని గుర్తుపట్టినా అని సెప్పు. తెల్లారేసరికి వాల్లుండరు.”

ఇల్లు పోయినట్టే. పిల్లలు అక్క వెనక నక్కి ఉన్నారు. బావ ముఖం కాలి నల్లగా ఉంది. ఆయన పేర్లు చెబుతాడనే నేను అనుకున్నాను. చెప్పాలనే కోరుకున్నాను కూడా.

“ఎవురూ కాల్చలేదు. ఇంజను కాగి అంటుకున్న్యాది. ఆ బండి సంగతి మీకు తెల్సు గదా, ఎప్పుడూ కాగేదే,” అన్నాడు బావ.

“సంతంతా సూసినారన్నా!”

“సంతను అడుక్కోండి పోయి. నా కట్టెల కోసరం మనిసి సావద్దు. మీ నాయన సచ్చింది సాలదా ఒక తలుపుకు?”

చిన్నవాడు బావ చేతివంక చూస్తూ ఉన్నాడు. చివరికి అతనే ముందు వెనుదిరిగాడు. పోలీసులకూ బావ అదే మాట చెప్పాడు. ఇల్లు పోయింది. బావ మళ్ళీ ప్రెస్సులో చేరాడు, వేళ్ళు లేని చేత్తో చేయగలిగిన కాపలా పనికి. కారు పేరున ఎవరూ చావలేదు. ఇది ఏ పార్టీ గెలుపూ కాదు.

ఇలాంటి రాతల చివర సాయం చేసినవాళ్ళ పేర్లు రాయడం పద్ధతి. నేను రాయను. ఆ ఊళ్ళలో పేరు రాయడమంటే పార్టీ రాయడమే. అయినా ఎవరిని తలుచుకుంటున్నానో వాళ్ళకు తెలుస్తుంది. డబ్బు తీసుకోకుండా రక్తం ఆపిన ఎమ్మిగనూరు కాంపౌండరుకు. నడుముకు తాడు కట్టుకుని ఆదోనిదాకా కూర్చున్న మనిషికి. మూటలు కాలకుండా దించినవాళ్ళకు కూడా, ఎందుకంటే అవి కాలి ఉంటే మేము నేతగాళ్ళకు ముఖం చూపించలేకపోయేవాళ్ళం. తల పగిలినా మా బండే ఎక్కి, బండి పోయాక మాకు ఒక పంచెల జత తెచ్చి ఇచ్చిన ముసలాయనకు. మూసేవేళ దాటినా దీపం ఆర్పకుండా నన్ను చదువుకోనిచ్చిన గ్రంథాలయ పంతులుకు. ముద్ద కలిపి పెట్టిన ఆ తల్లికి.

చివరగా మా అక్కకు. ఆమె ఇదంతా నాచేత చదివించుకుని విని, “ఏనుగుల మేతంటివి, గొర్రెలంటివి, అన్నీ రాస్తివి. కారు కాలిన దినం మనం ఏం తింటిమో రాయకపోతివే,” అంది. జొన్నరొట్టె, పచ్చి ఉల్లిగడ్డ తిన్నాము. ఆమె తినలేదు.